గంటన్నర దూరం

"ఇయ్యాల ఏడిదాక వచ్చిండు పంతులూ, మన పిలగాడు?"

మొఘల్‌పురాలోని ఆ ఇంటి గడప పక్కన చతికిలబడుతూ అడిగింది రుక్మాబాయి. పాలు పోయడం అయ్యాక రోజూ అడిగే మాటే. సోమశేఖరం పంతులు బడి నుంచి తెచ్చుకున్న పటాన్ని నేలమీద పరిచాడు. అస్సాంలో ఒక చుక్క, బర్మాలో ఒక చుక్క. రెండూ యుద్ధం కోసం అడవి కొట్టి చదును చేసిన విమానాల మైదానాలు. ఆ చుక్కల మధ్య దారం ఆనించి చూపించాడు.

"రెండు వందల మైళ్ళు. గంటన్నర ప్రయాణం."

"గది నిన్నగూడ జెప్పిండ్రు."

"నిన్న ఎదురుగాలి. ఇవాళ కొండల మీద మబ్బు, చుట్టు తిరిగి రావాలి. లేదా మధ్యలో ఎక్కడో దించి ఉంటారు."

"దించితే మంచిదే," అంది ఆమె.

వాకిట్లో ఆమె పెనిమిటి మైసయ్య పాలబిందెను గోడకు ఆనించిన సైకిలు పక్కన పెట్టబోయాడు.

"సైకిలుకు తగలనియ్యకు మైసయ్యా. వాడొచ్చి, గీత పడిందేమంటే ఏం చెప్పను?" అన్నాడు పంతులు.

మైసయ్య బిందెను దూరం జరిపాడు. "ఎన్నొద్దులు గిట్ల?" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

"నీకేం తొందర? బర్రెలేమన్న గడియారం చూస్తున్నయా?" అని కసిరింది రుక్మాబాయి.

పంతులు దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. పటాలం నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు తిరిగి పోవడానికి భయపడ్డ రోజున కూడా ఇదే పటం, ఇదే దారం. "అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి భువనగిరిలో దిగినంతసేపు. దానికే భయమా?" అని ఆయన నవ్వాడు. రుక్మాబాయి ఈ గడప దగ్గరే, "పంపకుండ్రి పంతులూ, మీ కాల్మొక్త," అని ఏడ్చింది. ఆయన వినలేదు. కుర్రవాడు ఆయన మాట కాదనలేకపోయాడు.

వాడు ఎక్కిన విమానం అస్సాంలో లేచింది. బర్మాలో దిగలేదు. అది వానకాలం. ఇప్పుడు దీపావళి కూడా దాటిపోయింది.

తండ్రీకొడుకులకని ఆమె పోసే శేరు పాలు ఆయన ఒక్కడికి ఎక్కువే. తగ్గించమనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె కూడా తనంతట తాను తగ్గించలేదు.

"ఒక్కటడుగుత, కోపం జెయ్యకుండ్రి," అంది రుక్మాబాయి. "గా ఇమానంల పెట్రోలు ఎంతసేపు వస్తది?"

మైసయ్య తల తిప్పుకున్నాడు.

ఇన్నాళ్ళలో ఆమె అడగని ప్రశ్న అదొక్కటే. ఆయన లెక్కలు చెప్పే మనిషి. అయినా ముందు వేలికి చుట్టిన దారం విప్పాడు.

"నిండా పోస్తే... ఒక పూట."

"తర్వాత?"

పంతులు పటం చుట్టాడు. సరిగా రాలేదు. విప్పి, మళ్ళీ చుట్టాడు.

"గంటన్నరే అన్నాను," అన్నాడు. "నా మాట నమ్మి పోయాడు."

"ఎరుకే పంతులూ." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ నోట ఇనాల్ననే ఇన్నొద్దులు కూసున్న."

ఆయన లేచి పాలగిన్నె మీద మూత పెట్టాడు. చెయ్యి మూతమీదే ఉండిపోయింది.

"రేపట్నుంచి మా అబ్బాయి వంతు పాలు పొయ్యకు, రుక్మాబాయీ."