మురుకుల గొట్టం

“ట్రైనింగ్ అయినాక వ్యాపారం ఎంత పెరిగినాది, పుష్పావతమ్మా?” ట్యాబ్‌లో సర్వే ఫారం తెరిచి, దాని మీద వేలు పెట్టుకుని అడిగింది వినుత.

“మూసేసి ఆరు నెలలాయె మేడం. మన కామసముద్రం అంగళ్లలో ఇంగ బెంగళూరు ప్యాకెట్లే పెట్టుకుంటా ఉండారు. రాగి మురుకులు ఎవురూ అడగరు.”

“మూసేసినారని రాసేదానికి ఇందులో లేదమ్మా. కొంచెం, బాగా, చాలా బాగా. ఈ మూడే ఉండాయి.”

“అట్లయితే కొంచెం అని నొక్కేయండి.”

వినుత నొక్కింది. అయినా లేవలేదు. మూలన బోర్లించిన ఇత్తడి మురుకుల గొట్టాన్నే చూస్తోంది.

“దాన్ని అమ్ముతావా?”

“ఎవురికి మేడం?”

“నాకే. ఈ నెలతో మా ప్రాజెక్టు అయిపోతాది, నా ఉద్యోగం కూడా. ఇంట్లోనే ఏమన్నా మొదలుపెట్టాల.”

పుష్పావతి గొట్టం తీసి కొంగుతో దుమ్ము తుడిచింది.

“మీకేం కష్టం మేడం. మాకు వ్యాపారం నేర్పిందే మీరు కదా.”

“మూడేండ్లలో నూటముప్పై మందికి నేర్పినాను. వాళ్లలో ఇప్పటికీ నడుపుతా ఉండేవాళ్ల పేరు ఒక్కటి చెప్పమ్మా. పోయి చూసి నేర్చుకుంటాను.”

పుష్పావతి పేర్లు లెక్కపెట్టడానికి ఎత్తిన వేలిని మడవకుండానే దించేసింది. తర్వాత గొట్టాన్ని తీసుకుపోయి మళ్లీ మూలన బోర్లించింది.