మొదటామె వాటా

“మరి ఆమెకు నెలనెలా పన్నెండు వేలు ఇయ్యాల్నంటగద అక్కా. మీకేం మిగులుతది?”

జాకెట్‌కు హుక్కులు కుడుతూ అడిగింది దుర్గ.

రాజ్యశ్రీ మిషన్ ఆపలేదు. బూర్గంపాడులో ఆమె టైలరింగ్ కొట్టుకు శ్రావణమాసం గిరాకీ మొదలైంది. అడవి అవతలి గూడెం నుంచి వచ్చి దుర్గ పనిలో చేరి నెల కూడా కాలేదు. పొద్దున బాబాయి చెంచురామయ్య ఫోన్ చేస్తే, చేతిలో పని వదల్లేక స్పీకర్ పెట్టి మాట్లాడింది రాజ్యశ్రీ. మురళీకృష్ణ విడాకులు, కోర్టు చెప్పిన భరణం, ఇప్పుడీ పెళ్లి, అన్నీ ఆ పిల్ల చెవిన పడ్డాయి.

“మా గూడెంల గిట్లుండదు,” అంది దుర్గ. “ఆలుమగలు విడిపోతే పెద్దమనుషులు కూసుంటరు. తప్పెవరిదైతే వాళ్లతోని కట్టిస్తరు. ఒక్కపారే. ఇగ ఎవరి తొవ్వ వాళ్లది. నెలనెలా ఇచ్చుడేంది, ఇంటి కిరాయి లెక్క?”

రాజ్యశ్రీకి నవ్వొచ్చింది. “కిరాయే అనుకో. ఏడేళ్లు చాకిరీ చేయించుకున్నందుకు.”

“మరి పెళ్లయినంక గూడ ఇస్తడా?”

“అదే చూడాలి.”

ఆమె అనుమానమంతా అక్కడే ఉంది.

మురళీకృష్ణకు బోనకల్‌లో ఎరువుల దుకాణం. మనిషి మారాడని బాబాయి మాట. మారినట్టే కనిపిస్తున్నాడు కూడా. నిరుడు వరదకు కొట్లోకి నీళ్లొస్తుంటే, ఎవరూ పిలవకుండానే బస్సెక్కి వచ్చి మిషన్లన్నీ మేడమీదికి మోశాడు. ఆ తర్వాత దర్శనమంటూ భద్రాచలం రావడం, పోతూ పోతూ ఇక్కడ ఆగడం అలవాటైంది. దేవుడి మీద అంత భక్తి ఎప్పుడు పుట్టిందో ఆమె అడగలేదు. కిందటి వారం తనే నోరు తెరిచి పెళ్లి మాట ఎత్తాడు.

కానీ అతని మొదటి కాపురం సంగతి రాజ్యశ్రీకి బాగా తెలుసు. పాల ప్యాకెట్‌కు కూడా ఆ భార్య చెయ్యి చాపి నిలబడాల్సి వచ్చేది. ఎంత, ఎందుకు, నిన్న ఇచ్చిందేమైంది, అన్నీ చెబితే గానీ గల్లాపెట్టె తెరుచుకునేది కాదు. కొంగున పది రూపాయలు ముడేసుకున్నా దాని లెక్కా అడిగేవాడు. కొట్టలేదు. తాగలేదు. అందుకే కోర్టులో తన బాధేమిటో చెప్పడానికి ఆమెకు మాటలు దొరకలేదు. భరణం మొదలయ్యాకే, ఎవరినీ అడక్కుండా ఒక చీర కొనుక్కుంది.

అలాంటి మనిషి ఇప్పుడు పెళ్లికి తొందరపడుతున్నాడు. మూడు ముళ్లు వేయడానికా, నెలనెలా పోయే డబ్బు మిగుల్చుకోవడానికా?

మధ్యాహ్నం మురళీకృష్ణ వచ్చాడు. జామకాయల సంచి కౌంటర్ మీద పెట్టి, దుర్గను చూసి కాస్త ఇబ్బందిగా స్టూలు మీద కూర్చున్నాడు.

“బాబాయిగారు ముహూర్తం చెప్పారా? భద్రాచలంలో గుళ్లోనే కానిద్దాం. పదిమంది చాలు.”

“ఖర్చు తక్కువనా?”

“అట్లా కాదు గానీ...”

“ఈ నెల భరణం పంపారా?”

అతను తల తిప్పుకున్నాడు. “పంపలా.”

“ఎందుకని?”

“పెళ్లి పెట్టుకున్నాం గదా. ఇంక దేనికని...”

దుర్గ చేతిలో సూది ఆగింది. నేనడిగింది ఇదే గదా అన్నట్టు కళ్లెగరేసింది. రాజ్యశ్రీ మిషన్ మీంచి కాలు తీసింది.

“అంటే మొదటి భార్య నోట్లో మట్టికొట్టి, రెండో భార్యకు అన్నం పెడతారన్నమాట.”

“నువ్వు మాట్లాడేదానికి అర్థముందా రాజ్యశ్రీ? ఎవరన్నా వింటే నవ్వుతారు.”

“నవ్వనీండి. పెళ్లయ్యాక కూడా నెల మొదట్లో ఆ డబ్బు ఆమె ఖాతాలో పడాలి. ఆమెతో అడిగించుకోకూడదు. దేనికి ఖర్చుపెట్టిందో ఆరా తీయకూడదు. దీనికి ఒప్పుకుంటేనే పెళ్లి.”

“లోకంలో ఏ ఆడదన్నా ఇట్లాంటి షరతు పెడుద్దా?”

“ఏ మగాడన్నా తాళి కట్టకముందే ఎగ్గొడతాడా?”

దుర్గ ఇక ఊరుకోలేకపోయింది. “ఇచ్చెయ్యరాదే అన్నా. ఆమె ఉసురు రేపు మా అక్కకు తగుల్తది.”

మురళీకృష్ణ దుర్గ వంక చూశాడు. రాజ్యశ్రీ వంక చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టాడు.

“నా మీద నమ్మకం లేదా?”

“ఉంటే అడగను గదా.”

“ఎన్నాళ్లు ఇమ్మంటావు?”

“ఆమె బతికున్నన్నాళ్లు.”

రోడ్డు మీద బస్సొకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అతను నేలమీద పడ్డ గుడ్డపీలికలను కాలితో పక్కకు నెట్టాడు. లేచి వెళ్లిపోతాడనుకుంది రాజ్యశ్రీ. వెళ్తే వెళ్లనీ అని కూడా అనుకుంది. అనుకుంటూనే జామకాయల సంచి తన వైపు జరుపుకుంది.

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. కళ్లద్దాలు పెట్టుకుని నింపాదిగా అంకెలు నొక్కాడు.

“ఆమెకు పంపించా. ప్రతి నెలా పంపుతా. అడగను.”

రాజ్యశ్రీ జాకెట్ గుడ్డ చేతిలోకి తీసుకుంది. సూదిలోకి దారం ఎక్కలేదు.

“బాబాయికి ఫోన్ చేసి సరేనన్నానని చెప్పండి,” అంది తలెత్తకుండా.

కత్తిరింపుల బల్ల మీద మోగిన రాజ్యశ్రీ ఫోన్‌ను అందించబోతూ, వచ్చిన బ్యాంకు మెసేజ్ చూసి దుర్గ బిత్తరపోయింది: “అక్కా, ఆమెకు పంపిన పన్నెండు వేలు మీ ఖాతాల పడ్డయేంది?”