ముగ్గు పడని వాకిలి

“పిల్లి చచ్చిందని వాకిట్లో ముగ్గెయ్యలేదా?” కోడలు వకుళను శఠగోపం ఈసడించాడు.

“మనసు రాలేదు మామా.”

“మైల మనుషులకు పడతారు. పాలగిన్నెలో మూతి పెట్టేదానికి గూడానా? రేపు పిండాలు పెట్టమంటావేమో.”

వకుళ రేడియో మీది దుమ్ము తుడవసాగింది.

“వెచ్చగా ఉంటాదని ఎప్పుడూ రేడియో మీదే పండుకునేది. ఏనాడన్నా నన్ను వార్తలు విననిచ్చిందా? పీడ పోయింది. ముగ్గేసి కాఫీ తీసుకురా, గుడికి టైమవతాంది.”

ఆమె ముగ్గు డబ్బా అందుకుని ఆయన వైపు చూసింది. స్నానం చేసి, మడిపంచె కట్టి, గుడికి బయల్దేరిన మామగారి నుదురు బోసిగా ఉంది. ఇంట్లో మనిషి పోయిన రోజుల్లో తప్ప, నామం పెట్టుకోకుండా ఆయన పూజగది దాటి ఎరగడు.

వకుళ డబ్బాను మళ్లీ గూట్లో పెట్టేసింది.

“కాఫీ తెస్తా, కూర్చోండి. ఈ పొద్దు గుడికి వద్దులే మామా.”