తెనిన్ కాపలా కాసిన గొయ్యి

రాయి ఫామోరో చెవి పక్కనుంచి దూసుకుపోయి అతని మోటారు సైకిలుకి తగిలి ఖంగుమంది.

“ఇంకో అడుగు వేశావో, ఈసారి బుర్రకే,” అంది తెనిన్. గొయ్యి అంచున కాళ్లు బారజాపుకొని కూర్చుంది. ఒళ్లో గులకరాళ్ల కుప్ప.

ఫామోరో వెనకాల తవ్వకపు మనుషులు ఆగిపోయారు. వాళ్లలో నోటిదూల ఎక్కువున్న లాన్సినే మాత్రం నవ్వాడు. “అక్కా! బొబ్బర్లు మెక్కీ మెక్కీ చేతికి బాగానే బలమొచ్చింది!”

“బొబ్బర్లు మెక్కేది మీ వంశంరా! గాలి ఇటు తిరిగిందంటే చాలు, మీరొస్తున్నారని ముందే తెలిసిపోతుంది.”

వేరే చోటైతే అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఆ రెండు వంశాల మధ్య తాతల నాటినుంచీ నడుస్తున్న వేళాకోళమే అది. కానీ తెనిన్ మొహంలో నవ్వు లేదు.

చుట్టూ బంగారం తవ్విన కొరోబా మకాం పాడుబడి ఉంది. గుడిసెల మీది పట్టాలు చిరిగి వేలాడుతున్నాయి. సినిమాలు వేసిన పాక గోడలు వానకి కరిగి మోకాలెత్తున మిగిలాయి. సాన్‌కో దగ్గర కొత్త బంగారం పడిందన్న కబురుతో జనం అన్నం కుండలు పొయ్యి మీదే వదిలి పరిగెత్తిన చోటిది. తెనిన్ మొగుడు సిరిమన్ కూడా ఆ పరుగులోనే పోయాడని, అటునుంచటే ఎవత్తినో వెంటేసుకొని నది దాటాడని చెప్పుకుంటారు. అందరూ పోయాక తెనిన్ తన ఊరినుంచి ఒంటరిగా వచ్చి ఈ గొయ్యి పక్కన చాప పరిచింది. మూడు వానాకాలాలైనా కదల్లేదు. మేకలు దగ్గరికొచ్చినా కొట్టి తరిమేది.

ఈ గొయ్యి మీద ఫామోరో కన్ను పడింది అందుకే. ఒట్టి మట్టి కోసం ఏ ఆడదైనా ఇంత కాపలా కాస్తుందా?

“ఊరి పెద్ద ఈ గొయ్యి నాకిచ్చాడు,” అన్నాడు. “నువ్వు ఒక్క మాట చెప్పి తప్పుకో. ఇక్కడ మట్టి మీద చెయ్యి పెట్టి చెప్పు. ఇందులో ఎవరైనా చచ్చారా?”

పాత గొయ్యి తెరిచే ముందు అలా అడిగి తీరాలి. మనిషిని మింగిన గొయ్యి జిన్నులది, కంటికి కనబడని ఆ భూతాల సొత్తు. ఇక దాన్ని ఎవరూ ముట్టరు, లోపల ఉన్న దేన్నీ బయటికి తియ్యరు. ముళ్లకంప కొట్టి వదిలేస్తారు.

తెనిన్ అరచెయ్యి మట్టికి ఆనించింది. “ఎవరూ చావలేదు. ఇది నా మొగుడి గొయ్యి. నాది.”

“మొగుడట!” అన్నాడు లాన్సినే. “ఆయన నది అవతల కొత్త పెళ్లాం చేతి గంజి తాగి ఒళ్లు చేశాడటగా!”

తెనిన్ మట్టి మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

వెర్రిది, అనుకున్నాడు ఫామోరో. చచ్చారని ఒక్క అబద్ధం ఆడితే ఇటునుంచిటే వెనక్కి పోయేవాళ్లం. వెళ్లి ఆమె రెక్క పట్టుకొని లేవదీశాడు. ఆమె అతని మణికట్టు కొరికింది. నెత్తురు తుడుచుకుంటూ అతను గిలక బిగించమన్నాడు.

పని అనుకున్నంత తేలిక కాలేదు. గొయ్యి సగం కూలి పూడుకుపోయి ఉంది. తవ్విన మేరకల్లా గోడలకి దుంగలు దన్ను పెడుతూ దిగాలి. ఆకాశం చూస్తే నల్లబడుతోంది. వానలు మొదలయ్యాయంటే గొయ్యి నీళ్లతో నిండిపోతుంది, ఈ ఏటికి బంగారం మీద ఆశ వదులుకోవాల్సిందే.

తెనిన్ చాప మీద కూర్చొని పైకొచ్చిన ప్రతి మట్టి డబ్బానీ తిట్టింది. ఫామోరో తల్లినీ, తాతనూ, పుట్టబోయే మనవల్నీ తిట్టింది. ఒకనాడు ఉన్నట్టుండి లేచి, “నా మొగుడు తవ్విన ఆ ఎడమ పక్క ముట్టుకున్నారంటే మీ కడుపులు కుళ్లిపోతాయి!” అని అరిచింది.

ఫామోరో గొయ్యిలోకి వంగాడు. “విన్నావురా లాన్సినే? ఎడమకి తిరుగు.”

ఎడమకి తిరిగినా ఏమీ పడలేదు. మర్నాడు లాన్సినే ఒళ్లంతా బురదతో పైకొచ్చి కూలబడ్డాడు. “ఒట్టి మన్ను అన్నా. ఇంక నావల్ల కాదు. పోదాం పద.”

ఫామోరోకీ మనసు జారింది. తాడు చుట్టమని చెప్పబోయాడు.

అంతలో తెనిన్ చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. “పోండి నాయనా, పోండి,” అంది మెత్తగా. “అందులో ఏమీ లేదు. ఎందుకు కష్టపడతారు? అల్లా మిమ్మల్ని చల్లగా చూస్తాడు.”

ఫామోరో చెంబు విసిరికొట్టాడు. “ఇంత తియ్యగా మాట్లాడుతోందంటే దగ్గరికొచ్చేశామన్నమాట! దిగరా! ఇంకో మూర తవ్వు!”

లాన్సినే సణుక్కుంటూ దిగాడు. పార చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత ఆగిపోయింది.

“ఏం తగిలిందిరా?”

ఫామోరో తాడు పట్టి గుంజాడు.

“ఒరేయ్, దొరికింది రొండిన దోపుకుంటున్నావా? పైకొచ్చాక బట్టలూడదీసి చూస్తాను!” ఫామోరో అంచు మీద బోర్లా పడుకొని లోపలికి తొంగి చూశాడు. మిగతా మనుషులు తోసుకుంటూ అంచుకొచ్చారు. కిందనుంచి లాన్సినే మూలుగు మాత్రం వినిపించింది. వేళాకోళం లేని గొంతు.

వెనక అడుగుల చప్పుడైంది. తెనిన్ వచ్చింది. చేతిలో రాళ్లు లేవు. ఉతికి మడత పెట్టిన తెల్లటి కొత్త బట్ట ఉంది.

“ఇప్పుడు మంచి చేసుకోవడానికొచ్చావా?” ఫామోరో పళ్లు కొరికాడు. “నీకు చిటికెడు కూడా ఇవ్వను.”

“బంగారమంతా నువ్వే తీసుకో,” అంటూ ఆమె గొయ్యి అంచున మోకాళ్ల మీద కూర్చొని, బట్ట మడత విప్పింది.

“మెల్లగా పైకి తియ్యండి, ఆయన నా మొగుడు.”