లాయరు లేకుండా వచ్చినవాడు

ఒరెస్ట్ కెనడాలోని యార్క్‌టన్ కోర్టుకి లాయరు లేకుండా వచ్చాడు.

దాంతోనే డారియాకి అనుమానం మొదలైంది.

ఇద్దరూ విడిపోయి ఆర్నెల్లయింది. గొడవలేం లేవు, మాటలే కరువయ్యాయి. పన్నెండేళ్ల లారిసా అతని కన్నకూతురు కాదు, డారియా మొదటి పెళ్లి బిడ్డ. అయినా తండ్రిలా పెంచినవాడు విడిపోయాక కూడా పిల్లని సాకాల్సిందేనని అక్కడి చట్టం.

అందుకే ఇలాంటప్పుడు చాలామంది మగవాళ్లు "నేను వాళ్లమ్మకి మొగుణ్ణే గానీ పిల్లకి తండ్రిని కాను" అని తప్పించుకోజూస్తారని ఆమె లాయరు ముందే హెచ్చరించాడు. అందుకని డారియా, అతనూ పిల్లా కలిసున్న ఫోటోలన్నీ సంచిలో వేసుకొచ్చింది. చేపలు పట్టడం, స్కేటింగ్, బడిలో పాటల పోటీ.

అవి బయటికి తీసే పనే పడలేదు.

"ఈ పిల్లకి మీరేమవుతారు?" అని జడ్జి అడిగింది.

"నాన్నని," అన్నాడు ఒరెస్ట్.

చూపించిన చోటల్లా సంతకం పెట్టి, టోపీ చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే లోపల ఏదో ఉందని డారియా చెల్లెలు నాదియా అంది.

"చూస్తుండక్కా. నాన్ననంటూ రేపు పిల్లనే ఇమ్మంటాడు."

ఆ మాట డారియాని పట్టుకుని వదల్లేదు. ఆదివారాలు లారిసాని స్కేటింగ్‌కి తీసుకెళ్తానని అతనంటే వద్దంది. పుట్టినరోజుకి పంపిన స్కేట్లు తిప్పి పంపేసింది. చివరికి ఊరే వదిలి, పిల్లతో విన్నిపెగ్ వెళ్లిపోయింది.

అతను పిల్లని ఇమ్మనలేదు. పంపాల్సింది మాత్రం నెలనెలా పంపుతూనే ఉన్నాడు.

అదీ ఏదో ఎత్తే అనుకుంది.

నాలుగో చలికాలంలో, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద అతని ట్రక్కు బోల్తా పడింది.

లారిసా అన్నం నీళ్లు మానేస్తే, డారియా తప్పక అంత్యక్రియలకి బయల్దేరింది.

చర్చిలో చివరి బెంచీ మీద ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒరెస్ట్‌కి తనవాళ్లంటూ ఎవరూ లేరనే ఆమెకి తెలుసు. మరి ఈయనెవరు? ఇల్లూ వాకిలీ దక్కించుకుందామని వచ్చాడా?

"మీరు ఒరెస్ట్‌కి ఏమవుతారు?" అని నిలదీసినట్టే అడిగింది.

ఆయన పక్కకి జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

"వాళ్లమ్మ నన్ను రెండో పెళ్లి చేసుకుంది. విడిపోయినప్పుడు జడ్జి కూడా ఇదే అడిగాడమ్మా. ఏమీ కానన్నాను. అప్పుడు వాడు తొమ్మిదేళ్లవాడు, నా చెయ్యి పట్టుకునే నిలబడి ఉన్నాడు."