ఖాళీ హాలు

నిజామాబాదులో ఆ పాత టాకీసును పాటకచేరీల హాలుగా మార్చిన నాటినుంచీ అక్కడి మైకులు చూసేది లక్ష్మీరాజమే. ఖాళీ హాల్లో మాట గోడలకు కొట్టుకుని ఖంగున తిరిగొస్తుందనీ, జనం నిండితే వాళ్ల ఒళ్లూ బట్టలూ ఆ మోతను మింగేస్తాయనీ అతనికి కొట్టినపిండి. కళ్లు మూసుకుని ఒక్క "హలో" అంటే చాలు, హాలు ఎంత నిండిందో చెప్పేస్తాడు.

ఆ రాత్రి కచేరీ ముగిసింది. పాటగాళ్లు వ్యానెక్కి బోధన్ వెళ్లిపోయారు. ఊడ్చే వెంకటవ్వ, కుక్కలు దూరకుండా తలుపుకి బయట గడియ పెట్టి మెట్ల మీద కూర్చుంది.

లక్ష్మీరాజం ఆఖరి మైకు విప్పబోతూ అలవాటు కొద్దీ "హలో" అన్నాడు.

మోత రాలేదు. మాట దూదిలో పడ్డట్టు అణిగిపోయింది.

ఎదురుగా ఆరు వందల కుర్చీలు, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. వానకి గోడలు చెమ్మగిల్లి ఉంటాయిలే అని సర్దిచెప్పుకున్నాడు.

"ఎవలన్న ఉన్నరా?"

ఈసారి గొంతు ముందు వరుస దాకా కూడా పోలేదు.

మైకు వదిలేసి పరుగెత్తి తలుపు బాదాడు. "తలుపు తియ్యవ్వా!"

"ఏమైంది బిడ్డా, గట్ల బాదుతున్నవ్?" అంటూ వెంకటవ్వ రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

అతను గడప దాటి, వెనక్కి తిరిగి హాల్లోకి గట్టిగా అరిచాడు. నాలుగు గోడలూ ఖంగుమన్నాయి. హమ్మయ్య, ఖాళీ అనుకున్నాడు.

అతని వెనక, మెట్ల మీద వెంకటవ్వ గోడకు ఒత్తుకుపోయి ఎవరినో కసురుకుంటోంది.

"నూకకుండ్రి! మెల్లగ దిగుండ్రి!"