మిరియం చూపు

కొత్త కోడలు కాపురానికి వస్తూ రెండు పెట్టెలూ, ఒక బుట్టా తెచ్చుకుంది. పెట్టెల్లో చీరలున్నాయి. బుట్టలో పిల్లి ఉంది.

నల్లగా గుండ్రంగా ఉంటుందని దాని పేరు మిరియం.

మామగారిది పరుపుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఆయన కనుబొమల మీద ఎప్పుడు చూసినా ఇంత దూది అంటుకునే ఉంటుంది. బుట్టలోకి తొంగిచూసి ఆయన అప్పుడే తీర్పు చెప్పేశారు.

"ఊరికే కూర్చుని తినేవాళ్ళు ఈ ఇంట్లో లేరమ్మాయ్. దూది గదిలో ఎలుకలు కాపురం పెట్టేశాయి. పడితే నీ పిల్లి ఉంటుంది. లేదంటే ఆదివారం మీ అన్నయ్య వస్తాడుగా, అదే బుట్టలో పంపేద్దాం."

కోడలి మొహం చిన్నబోయింది. పసిగుడ్డుగా ఉన్నప్పట్నుంచీ దూదితో పాలు పట్టి పెంచుకున్న పిల్లి. అది పక్కన లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. అది పక్కన ఉంటే తనకు నిద్ర పట్టడం లేదని కొత్త మొగుడు ఇంకా నోరు తెరిచి చెప్పలేదు.

దూది గదికి కిటికీ లేదు. నిప్పురవ్వ పడితే భగ్గుమంటుందని బల్బూ పెట్టలేదు. తలుపు మూస్తే పట్టపగలు కూడా కన్ను పొడుచుకున్నా కానరాదు.

"పిల్లికి చీకటో లెక్కా!" అన్నాడు కొత్త మొగుడు. అతను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. భార్యను వరండాలో కూర్చోబెట్టి, పిల్లిని ఒళ్ళో పెట్టి, టార్చి తీసుకుని పాఠం మొదలుపెట్టాడు.

"దీని కంటి వెనకాల అద్దంలాంటి పొర ఒకటుంటుంది. వచ్చిన కాస్త వెలుగునీ అది మళ్ళీ కంట్లోకి తిప్పి పంపుతుంది. అందుకే మనకి కావలసిన వెలుగులో ఆరోవంతు దీనికి చాలు. చూడు, ఎలా మెరుస్తున్నాయో! కనుపాపలు చూడు, పగలే ఇంతింత తెరుచుకుని ఉన్నాయంటే చీకట్లో ఇంకెంత చూస్తుందో! టార్చి వేసినా రెప్ప వాల్చదే! ఎంత పొగరు!"

నిజానికి అతను సగంసేపు పిల్లి కళ్ళల్లోకి చూడనేలేదు. ఆ పక్కనున్న కళ్ళల్లోకి చూస్తున్నాడు.

"ఈ పరీక్షలవీ వద్దండీ. మామయ్యగారికి మీరే ఏదో ఒకటి సర్దిచెప్పండి," అందామె.

"పిచ్చిదానా, నేనున్నాగా!"

వంటింట్లోంచి అత్తగారు వినేశారు. "పొగరు కాక మరేమిట్రా? నిన్న చీపురెత్తితే బెదరలేదు సరికదా, నన్ను చూసీ చూడనట్టు గోడ వారగా దర్జాగా వెళ్ళిపోయింది. కోడలు పెట్టిన బుద్ధులే!"

కోడలు తల వంచుకుని పిల్లి మీసాలు సర్దింది.

మర్నాడు దుకాణం తెరవగానే పరీక్ష. "ఆరోవంతు అన్నావుట. ఆ గదిలో వీసమెత్తు వెలుగు కూడా లేదు నాయనా," అన్నారు మామగారు.

"తలుపు సందులోంచి వచ్చేది చాలు నాన్నా," అని పిల్లిని చంకన పెట్టుకుని లోపలికి నడిచాడు కొడుకు. వెనకాల తలుపు మూసుకుంది.

కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. సందులోంచి వెలుగు రాలేదు. పిల్లిని కింద వదిలాడు. ఒక అడుగు వేశాడు. మోకాలికేదో తగిలి దూది బస్తాల మీద బోర్లా పడ్డాడు. ముక్కులోకి దూది, చెవిలోకి దూది. ఎటు చూసినా మెరిసే కళ్ళ జాడే లేదు.

"ఏమండీ, కదలకండి! మాట్లాడకండి! దాని పని దాన్ని చేసుకోనివ్వండి!" బయటనుంచి భార్య కేక.

ఊపిరి బిగబట్టాడు. ఎక్కడో మూల గరగర. చిన్న గెంతు. కీచుమని ఒక్క అరుపు. తర్వాత అతని పాదం మీద వెచ్చగా, మెత్తగా ఏదో పడింది.

ఈసారి కేక అతనిదే.

తలుపు తీసేసరికి కొడుకు తెల్లగా, ఒళ్ళంతా దూదితో, ఆగకుండా తుమ్ముతూ నిలబడ్డాడు. పిల్లి నల్లగా, ఎలుక పక్కన కూర్చుని కాలు నాక్కుంటోంది. మామగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"పిల్లి పాసు, మాస్టారు ఫెయిలు! అమ్మాయ్, నీ పిల్లికి ఈ ఇంట్లో ఢోకా లేదు. ఏమేవ్, దీనికి పూటకో గిన్నెడు పాలు పొయ్యి. ఎవడు పంపేస్తానన్నా నేనొప్పుకోను!"

ఆ రోజంతా పరుపు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ కొత్త మొగుడు పిల్లి కంట్లో అద్దం గురించి చెప్పాడు. ఒకాయన పరుపు కొనకుండానే పారిపోయాడు.

సాయంత్రం మేడ మీద, భార్య అతని జుట్టులోంచి దూది ఏరుతోంది. ఒళ్ళో మిరియం గురగురలాడుతోంది.

"నా మాట మీద నమ్మకం లేక ఎంత హడలిపోయావో చూడు. అయినా నీ పిల్లి కళ్ళ సంగతి నీకంటే నాకే బాగా తెలుసోయ్!"

ఆమె చుట్టూ చూసింది. మామగారు కిందే ఉన్నారు. అత్తగారు పాలు కాస్తున్నారు. పెదవి బిగబట్టి నవ్వాపుకుంటూ అతని చెవి దగ్గరకు వంగింది.

"ఇంక పంపించరుగా, అందుకే చెబుతున్నానండీ... మిరియం పుట్టుగుడ్డిది."